చిత్తవైకల్యం గల వృద్ధుల క్రైస్తవారాధన: తెలుగు భాషా స్వరూపం, నిర్వహణ – పరిశీలన

వ్యాస సంగ్రహం:

వృద్ధాప్యంలో వచ్చే చిత్తవైకల్యం (డిమెన్షియా) ఇటీవలి జ్ఞాపకాలను ముందుగా దెబ్బతీస్తుంది. బాల్యయౌవనాలలో పదేపదే పాడినవి, వల్లించినవి చాలామందిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. తెలుగు క్రైస్తవ వృద్ధుల విషయంలో అలా నిలిచేవాటిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, కంఠత వాక్యాలు, ఆరాధన క్రమంలోని ప్రత్యుత్తరాలు ముఖ్యమైనవి. ఇటువంటి వృద్ధుల కోసం ఆరాధన నడిపేవారు భాషను 'సులభం' చేయాలనే సదుద్దేశంతో కొత్త అనువాదాలను, కొత్త పాటలను ఎన్నుకుంటారు. అయితే ఈ శ్రోతలకు పాతదే సులభమని, సరళతకు కొలమానం నవ్యత కాక పరిచయమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ ప్రాంతపు గృహకూడిక అనుభవం ఆధారంగా నిర్వహణ పద్ధతిని కూడా వివరిస్తుంది.

కీలక పదాలు: చిత్తవైకల్యం, క్రైస్తవారాధన, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, కంఠత వాక్యం, గ్రాంథికం, వ్యావహారికం, ద్విభాషిత్వం, ఉస్మాన్‌గంజ్.

1. ఉపోద్ఘాతం:

ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారానికి పేరుపొందిన ప్రాంతం. అఫ్జల్‌గంజ్, బేగంబజార్‌లు దీనికి ఇరుగుపొరుగు. సరుకు దించే ఆటోలు, హమాలీల కేకలు, తోపుడుబండ్లతో పొద్దెక్కేసరికి ఇక్కడి గల్లీలు నిండిపోతాయి. తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ, మార్వాడీ ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జి చర్చి, సెంటినరీ మెథడిస్టు చర్చి వంటి పాత ఆరాధనాలయాలు ఇక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. అయినా గోదాముల పైఅంతస్తుల్లో, ఇరుకు మెట్ల ఇళ్లలో ఉండే వృద్ధులు అంత దూరమైనా వెళ్లలేరు. అటువంటివారి కోసం సంఘం ఇంటికే వస్తుంది. దీనినే గృహకూడిక లేదా ఇంటి ప్రార్థన అంటారు.

భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, చిత్తవైకల్యం ఉన్నదని 2023లో వెలువడిన జాతీయస్థాయి అంచనా తెలుపుతున్నది. పురుషులకంటే స్త్రీలలోను, చదువుకున్నవారికంటే చదువు లేనివారిలోను ఇది ఎక్కువని ఆ అధ్యయనం గుర్తించింది. సంఘాల్లో ఆరాధనకు ఆధారంగా నిలిచిన పాత తరం స్త్రీలలో చాలామంది ఈ రెండు వర్గాలకూ చెందినవారే. వారు పుస్తకం చూసి కాక, విని నేర్చుకున్నవారు. కనుక వారి ఆరాధనను గురించిన ప్రశ్న వైద్యానికి, దైవశాస్త్రానికి సంబంధించినదే గాక మౌఖిక సాహిత్యానికి, భాషాశాస్త్రానికి కూడా సంబంధించినది. ఈ వ్యాసం ఆ కోణానికే పరిమితమవుతుంది.

2. పేరు పెట్టడంలోని చిక్కు:

'డిమెన్షియా' లాటిన్ మూలం నుంచి వచ్చిన మాట. 'మనస్సు తొలగిపోవడం' అన్నది దాని వ్యుత్పత్త్యర్థం. తెలుగులో 'మతిమరుపు' అంటే వ్యాధి తేలికై, తాళంచెవి ఎక్కడో పెట్టి మరచిపోవడంతో సమానమవుతుంది. 'చాదస్తం' అంటే అది వ్యక్తి స్వభావంగా మారిపోతుంది. 'చిత్తభ్రమ' అంటే పిచ్చి అనే ముద్ర పడుతుంది. హిందీ, దక్కనీ మాట్లాడేవారిలో వాడుకలో ఉన్న 'సఠియా గయా' అనే పలుకుబడికి 'అరవైలో పడ్డాడు' అని భావం. ఇక్కడ వయస్సే వ్యాధి అయిపోతుంది. నేటి తెలుగు వైద్యరచనల్లో కనిపించే 'చిత్తవైకల్యం' వీటికంటె మేలు. అంధత్వం, బధిరత్వాలవలె ఇది కూడా ఒక వైకల్యమని, వైకల్యం ఉన్నంతమాత్రాన మనిషి లేకుండా పోడని ఆ మాట సూచిస్తుంది.

ఈ పేర్లు ఆరాధన నడిపేవారి ప్రవర్తనపై ప్రభావం చూపుతాయి. 'ఆమెకు ఏమీ తెలియదు' అనుకున్నవారు ఆమె పక్కన కూర్చుని ఆమెను గురించి ఇంట్లోవారితో మాట్లాడతారు. బ్రిటన్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి ప్రవర్తనను లోతుగా విశ్లేషించాడు. మెదడుకు కలిగిన నష్టంతోపాటు, చుట్టూ ఉన్నవారు మనిషిని మనిషిగా గుర్తించకపోవడం కూడా రోగి స్థితిని దిగజారుస్తుందని ఆయన వాదం. పెద్దలను పసిపిల్లలవలె సంబోధించడం ఆయన ఎత్తిచూపిన దోషాల్లో ఒకటి. తెలుగులో ఈ దోషం సర్వనామంలోనే బయటపడుతుంది. కుటుంబంలో మనుమడు నాయనమ్మను 'నువ్వు' అనడం ఆత్మీయత. నిన్నటిదాకా 'మీరు' అన్న సంఘస్థుడు జబ్బు పడిన తరువాత ఆమెను 'నువ్వు' అనడం మర్యాద తగ్గించడమే.

3. జ్ఞాపకం – భాష:

పాత జ్ఞాపకాలకంటె కొత్త జ్ఞాపకాలే ముందుగా చెదిరిపోతాయని ఫ్రెంచి మనస్తత్వవేత్త థియోడూల్ రిబో 1881లోనే సూత్రీకరించాడు. అల్జీమర్స్ వ్యాధిలో ఈ క్రమం తరచుగా కనిపిస్తుంది. ఉదయం వచ్చి వెళ్లిన కూతురు గుర్తుండదు, పుట్టింటి ఊరు గుర్తుంటుంది. దీనికితోడు సంఘటనలను గుర్తుంచుకోవడం వేరు, అభ్యాసం వల్ల అలవడినవాటిని చేయడం వేరు. పాట పాడటం, తాళం వేయడం, చేతులు జోడించడం రెండో కోవకు దగ్గరగా ఉంటాయి. సుపరిచితమైన సంగీతపు జ్ఞాపకంతో సంబంధమున్న మెదడు భాగాలు అల్జీమర్స్ వ్యాధిలో కొంత ఆలస్యంగా దెబ్బతింటాయని 2015లో 'బ్రెయిన్' పత్రికలో వెలువడిన పరిశోధన సూచించింది.

భాష విషయంలో హైదరాబాదు నుంచే ముఖ్యమైన ఆధారం లభిస్తున్నది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) జ్ఞాపకశక్తి క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది చిత్తవైకల్య రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఒకటికంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువు రానివారిలో సైతం ఈ తేడా కనిపించడం విశేషం. వ్యాధి ఎప్పుడు మొదలవుతుందో చెప్పే అధ్యయనమిది. ఆరాధన ఏ భాషలో ఉండాలో ఇది చెప్పదు. కాని మన రోగులు బహుభాషీయులన్న సత్యాన్ని ముందుంచుతుంది. ఉస్మాన్‌గంజ్ వంటి చోట ఒక వృద్ధురాలు అంగట్లో దక్కనీ, ఇంట్లో తెలంగాణ తెలుగు, మనుమలతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ప్రార్థనలో మరొక తెలుగు వాడి ఉండవచ్చు. ఆ 'మరొక తెలుగు' ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న.

4. ఆరాధన తెలుగు – మూడు రూపాలు:

4.1 కీర్తన: పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైన కవులు కర్ణాటక సంగీత పద్ధతిలో, పల్లవి చరణాలతో క్రైస్తవ కీర్తనలు రచించారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో కీర్తనకు పైన రాగతాళాల పేర్లు అచ్చువేయడం ఈ సంప్రదాయానికి గుర్తు. చిత్తవైకల్యం గలవారి దృష్టితో చూస్తే ఈ రచనావిధానంలో ఒక సౌలభ్యం ఉన్నది. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది. చరణంలో దారి తప్పినవారు పల్లవి దగ్గర మళ్లీ కలుసుకోగలరు. యతిప్రాసలు, అంత్యప్రాసలు తరువాతి మాటను అందిస్తాయి. తాళం చేతికి పని కల్పిస్తుంది. నోట మాట రానివారు కూడా తాళంతో పాల్గొనగలరు.

4.2 కంఠత వాక్యం: సండే స్కూలులో వారానికొక వాక్యం అప్పజెప్పించడం తెలుగు సంఘాల్లో పాత అలవాటు. దానినే కంఠత వాక్యం, బంగారు వాక్యం అంటారు. ఇరవైమూడవ కీర్తన, ప్రభువు నేర్పిన ప్రార్థన ఈ విధంగానే తరతరాలకు నోటికి వచ్చాయి. ఇవి అర్థంతోపాటు ధ్వనిక్రమంగా కూడా మనసులో నిలుస్తాయి. మొదటి రెండు మాటలు అందిస్తే మిగిలినది దానంతట అదే దొర్లుకుంటూ వచ్చే అవకాశం ఎక్కువ.

4.3 ప్రత్యుత్తరం: క్రమబద్ధమైన ఆరాధన గల సంఘాల్లో కాపరి ఒక మాట పలికితే సభ ఒక మాట పలుకుతుంది. ప్రార్థన చివర 'ఆమేన్' అనడం అన్ని సంఘాలకూ ఉమ్మడి అలవాటు. సంభాషణలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో తెలియక తికమకపడే రోగికి ఈ ఏర్పాటు తన వంతును తెలియజేస్తుంది. ఏం చెప్పాలో వెతుక్కోవలసిన అవసరం కూడా ఉండదు.

5. సులభమైన తెలుగు ఏది?

ఇక్కడ వ్యాసకర్త స్వీయానుభవం ఒకటి ప్రస్తావించదగినది. ఉస్మాన్‌గంజ్‌లో మా నాయనమ్మ కోసం జరిగిన గృహకూడికలో వాక్యం చదివే పని నాకు అప్పగించారు. ఆమె అప్పటికే ఇంట్లోవారి పేర్లు తప్పుగా పిలుస్తున్నది. ఆమెకు తేలికగా ఉంటుందని వాడుకభాషలో ఉన్న కొత్త అనువాదం నుంచి ఇరవైమూడవ కీర్తన చదివాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ తలుపువైపు చూస్తూ కూర్చున్నది. రెండుసార్లు లేవబోయింది. పక్కన కూర్చున్న పొరుగింటి పెద్దావిడ పుస్తకం అవసరం లేకుండానే పాత అనువాదం అందుకున్నది. రెండో వాక్యం నుంచి నాయనమ్మ గొంతు కలిసింది. చివరి వాక్యం దాకా ఒక్క క్రియాపదం తప్పలేదు. పూర్తయ్యాక ఆమె నన్ను మా నాన్న పేరుతో పిలిచి, అన్నం తిన్నావా అని అడిగింది.

తెలుగులో డాక్టరేటు చేసిన నేను ఆ రోజు చేసిన పొరపాటు సిద్ధాంతపరమైనది. 'చేయుచున్నాడు' కంటె 'చేస్తున్నాడు' సులభమని నేననుకున్నాను. విద్యార్థి విషయంలో అది నిజమే. ఆమె విషయంలో కాదు. ఆమె నిత్యసంభాషణలో 'చేయుచున్నాడు' అని ఎన్నడూ అనలేదు. ప్రార్థనలో మాత్రం ఎన్నడూ 'చేస్తున్నాడు' అనలేదు. '-చున్న-' రూపాలు, ము-వర్ణాంత నామాలు, 'గాక'తో ముగిసే ఆశీరర్థకాలు ఆమెకు దేవునితో మాట్లాడే భాషకు గుర్తులు. వాటిని మార్చితే వాక్యార్థం నిలిచినా వాక్యం అపరిచితమవుతుంది.

గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషోద్యమపు మౌలిక సూత్రం జనవ్యవహారంలో ఉన్న భాషకే ప్రామాణ్యం. ఈ సూత్రాన్ని యాంత్రికంగా అన్వయిస్తే పాత బైబిలు తెలుగును తొలగించవలసి వస్తుంది. దాని ఆంతర్యాన్ని అన్వయిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఒక సమాజం తరాలుగా నోట పలుకుతూ వచ్చిన భాష, వ్యాకరణరూపంలో గ్రాంథికమైనా, ఆ సందర్భానికి ఆ సమాజపు వ్యవహారమే. చదువు రాని స్త్రీల నోట నిలిచిన గ్రాంథికాన్ని పండితుల గ్రాంథికంతో ఒకే గాటన కట్టడం సరికాదు. చిత్తవైకల్యం ఈ భేదాన్ని మనకు స్పష్టంగా చూపుతుంది.

6. ఆరాధన నిర్వహణ:

పై చర్చ నుంచి కొన్ని ఆచరణసూత్రాలు ఏర్పడతాయి.

6.1 ముందస్తు విచారణ: ఆరాధనకు ముందే కుటుంబాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. చిన్నప్పుడు ఏ సంఘానికి వెళ్లేవారు? ఏ పాటలు ఇంట్లో పాడేవారు? ఏ వరుసలో పాడేవారు? ఒకే కీర్తనను వేర్వేరు సంఘాలు వేర్వేరు వరుసల్లో పాడటం మామూలే. వరుస మారితే పాట మారినట్లే. ఆమె తోటివయస్సు స్త్రీ ఒకరుంటే వారినే పాట ఎత్తుకొమ్మనడం ఉత్తమం.

6.2 సమయం, స్థలం: చిత్తవైకల్యం గలవారిలో కొందరికి సాయంకాలం కలత పెరుగుతుంది. ఉస్మాన్‌గంజ్ వంటి చోట దుకాణాల షట్టర్లు ఎత్తకముందే, ఉదయపు నిశ్శబ్దంలో ఆరాధన జరపడం మేలు. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఐదారుగురికంటె ఎక్కువ మంది వద్దు. మైకు, కీబోర్డు అవసరం లేదు.

6.3 సంబోధన: నడిపేవారు ఎదురుగా, ఆమె కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోవాలి. 'నన్ను గుర్తుపట్టారా?' అని అడగరాదు. ప్రేమతో అడిగినా అది పరీక్షే. అందులో తప్పిన అవమానం ప్రశ్న మరచిపోయిన తరువాత కూడా మనసులో ఉండిపోవచ్చు. 'అమ్మా, వందనాలు. నేను ఫలానావారి అబ్బాయిని. మీతో కలిసి పాట పాడటానికి వచ్చాను' అని తానే చెప్పాలి. వచ్చిన ప్రతిసారీ ఇదే మాట చెప్పాలి.

6.4 క్రమం: ప్రతిసారీ ఒకే క్రమం పాటించాలి. తెలిసిన కీర్తన, చిన్న ప్రార్థన, కంఠత వాక్యం, రెండు మూడు వాక్యాల బోధ, మళ్లీ అదే కీర్తన పల్లవి, ప్రభువు నేర్పిన ప్రార్థన, ఆశీర్వాదం. కీర్తన శ్రుతి తగ్గించి, నడక నెమ్మదిగా ఉంచాలి. బోధలో 'ఆయన', 'అక్కడ', 'అది' వంటి సర్వనామాలకు బదులు నామవాచకాలనే తిరిగి వాడాలి. తెలుగు వచనంలో అసమాపక క్రియలతో వాక్యాన్ని పొడిగించడం సహజం. 'లేచి, వెళ్లి, చూచి, వచ్చి' అని సాగే వాక్యం చివరి క్రియకు వచ్చేసరికి ఈ శ్రోతకు మొదలు జారిపోతుంది. కనుక వాక్యానికి ఒక్క క్రియ చాలు. అంటే వల్లించే భాగం పాతదిగాను, వివరించే భాగం చిన్నదిగాను ఉండాలి.

6.5 స్పర్శ, వస్తువులు: చేతిలో ఆమె పాత బైబిలునో పాటల పుస్తకాన్నో ఉంచాలి. చదవలేకపోయినా ఆ బరువు, ఆ అట్ట పరిచితమైనవి. క్రిస్మస్, ఈస్టరు, కోత పండుగ వంటి సందర్భాల్లో పూలు, కొవ్వొత్తి, వరికంకులు ఆ రోజు ఏ పండుగో మాటలు లేకుండా తెలియజేస్తాయి.

6.6 ప్రభువు బల్ల: వ్యాధి ముదిరినవారిలో మింగడం కష్టమవుతుంది. రొట్టెను అతి చిన్న ముక్కగా, ద్రాక్షారసంలో ముంచి ఇవ్వవచ్చు. వైద్యులు నోటిద్వారా ఏమీ ఇవ్వవద్దన్నవారికి పెదవులకు తాకించడమో, చేయి పట్టుకుని ప్రార్థించడమో చాలు. అర్థం చేసుకోలేరన్న కారణంతో మినహాయించడం కంటె సంఘసంప్రదాయం లోపల మార్గం వెదకడం కాపరి బాధ్యత.

ఇటువంటి సేవ ఇతర దేశాల్లో వ్యవస్థగా కూడా ఏర్పడింది. ఇంగ్లండులోని ఆల్టన్ పట్టణంలో 2010లో మొదలైన 'అన్నా చాప్లెన్సీ' వృద్ధుల ఆధ్యాత్మిక పరామర్శను ప్రత్యేక సేవగా తీర్చిదిద్దింది. లూకా సువార్తలోని వృద్ధ ప్రవక్త్రి అన్న పేరే దానికి పెట్టారు. మన సంఘాల్లో ఇంటింటికీ తిరిగిన బైబిల్ స్త్రీల సంప్రదాయం, నేటి స్త్రీల సమాజాలు ఇటువంటి పనికి సిద్ధంగా ఉన్న పునాదులు.

7. పరిమితులు:

ఈ ప్రతిపాదన అందరికీ ఒకే రీతిగా వర్తించదు. పెళ్లి తరువాత లేదా నడివయస్సులో క్రైస్తవాన్ని స్వీకరించినవారికి బాల్యపు పాటలు వేరు కావచ్చు. బతుకమ్మ పాటో, భజన పాటో వారి నోట వస్తే ఆరాధన నడిపేవారు దానిని తప్పుగా చూడరాదు. సమాధి కార్యక్రమంలో పాడే కీర్తనలు పాత దుఃఖాన్ని రేపవచ్చు. అటువంటప్పుడు పాటను పూర్తి చేయాలనే పట్టుదల కూడదు. లేచిపోవడం, ముఖం తిప్పుకోవడం కూడా జవాబే. దానిని గౌరవించి ఆపాలి. పాడటం వ్యాధిని నయం చేస్తుందని, వాక్యం అప్పజెప్పడం విశ్వాసానికి రుజువని చెప్పడం రెండూ పొరపాట్లే. వ్యాధి ముదిరితే కీర్తన కూడా జారిపోతుంది. అప్పుడు ఆమెకు బదులుగా చుట్టూ ఉన్నవారు పాడతారు.

8. ముగింపు:

స్కాట్లండుకు చెందిన దైవశాస్త్రవేత్త జాన్ స్వింటన్ 2012లో వెలువరించిన గ్రంథంలో, మనిషి ఎవరన్నది అతని జ్ఞాపకశక్తిపై కాక దేవుని జ్ఞాపకంపై ఆధారపడి ఉన్నదని వాదించాడు. ఆరాధన తెలుగు వ్యాకరణంలో ఈ భావం ముందునుంచే ఉన్నది. 'జ్ఞాపకము చేసికొనుట' అనే క్రియకు ప్రార్థనలో తరచు దేవుడే కర్త, మనిషి కర్మ. సిలువపై దొంగ కోరినది కూడా తనను జ్ఞాపకం చేసుకొమ్మనే. మరచిపోతున్న మనిషికి ఆ వాక్యంలో స్థానం పోదు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- చిత్తవైకల్యం గల శ్రోతకు భాషాసరళత పరిచయాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వ్యాకరణరూపపు నవ్యత ప్రమాణం కాదు.
- కీర్తన, కంఠత వాక్యం, ప్రత్యుత్తరం అనే మూడు మౌఖికరూపాలను పాత వరుసలో, పాత పాఠంలో ఉంచి, బోధను మాత్రమే క్లుప్తం చేయాలి.
- ప్రతి వృద్ధుని ఆరాధన భాష వేరు. దానిని ఊహించరాదు, అడిగి తెలుసుకోవాలి.
- పాత తరం నోట నిలిచిన వరుసలు, పాఠాంతరాలు తెలుగు మౌఖిక సాహిత్య సంపద. ఏ పాట ఎవరు ఏ వరుసలో పాడేవారో కుటుంబాలు, సంఘాలు ఇప్పుడే రాసి, ధ్వనిముద్రణ చేసి పెట్టుకోవాలి. రేపు వారికే ఆరాధన నడపవలసి వచ్చినప్పుడు మొదట అవసరమయ్యేది ఆ జాబితాయే.